జైంట్ వీల్‌కు ఫిట్‌నెస్ ఎవరిస్తారు?

2018 మే 27, ఆదివారం. అనంతపురం జూనియర్ కాలేజీ మైదానంలో ఎగ్జిబిషన్ నడుస్తోంది. పిల్లలకు వేసవి సెలవులు. తిరుగుతున్న జైంట్ వీల్ నుంచి ఒక ట్రాలీ ఊడి కిందపడింది. పదేళ్ల పాప చనిపోయింది. మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. బోల్టు వదులైందని కొందరు ఆపరేటరుకు ముందే చెప్పారని, అతను పట్టించుకోలేదని అప్పటి వార్తల్లో వచ్చింది.

ఇలాంటిది జరిగిన మర్నాడు ఏ ఊళ్లోనైనా అడిగే ప్రశ్న ఒకటే: "దీనికి పర్మిషన్ ఉందా?" ఉందనో లేదనో ఎవరో ఒక అధికారి చెబుతారు. ఉంటే నిర్వాహకుడి తప్పు, లేకపోయినా నిర్వాహకుడి తప్పే. విచారణ అక్కడితో చల్లబడుతుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ పర్మిషన్ దేనికి? జనం గుమిగూడడానికా, కరెంటు వాడుకోవడానికా, మైదానం అద్దెకు తీసుకోవడానికా, లేక ఆ బోల్టుకా?

మొదటి మూడింటికీ మన దగ్గర కాగితాలుంటాయి. నాలుగోదాని సంగతే ఈ వ్యాసం.

సంతకాల సంత

ఒక పట్నంలో ఎగ్జిబిషన్ పెట్టాలంటే ఎన్ని గుమ్మాలు ఎక్కాలో చూడండి. మైదానం మున్సిపాలిటీదైనా, కాలేజీదైనా, దేవస్థానానిదైనా ముందు పాట పాడి దక్కించుకోవాలి. పోలీసుల అనుమతి కావాలి. వాళ్లు చూసేది రద్దీ, ట్రాఫిక్కు, జేబుదొంగల బెడద. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. వాళ్లు చూసేది అంగళ్ల మధ్య ఎడం, ఇసుక బకెట్లు, ఫైరింజను వచ్చిపోయే దారి. విద్యుత్ చట్టం 2003లోని 54వ సెక్షన్ ప్రకారం వందమంది గుమిగూడే చోట 250 వాట్లు, 100 వోల్టులు దాటి కరెంటు వాడాలంటే ఏడు రోజుల ముందే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకూ, జిల్లా మేజిస్ట్రేటుకో పోలీసు కమిషనరుకో రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇందులో అనవసరమైనది ఏదీ లేదు. కానీ ఎవరి సంతకం వారి గిరిలోనే ఆగిపోతుంది.

ఇక యంత్రం మాట. కొన్నిచోట్ల రోడ్లు, భవనాల శాఖ ఇంజినీరునో, ఊళ్లోని ప్రైవేటు ఇంజినీరునో పిలిచి "గట్టిగా ఉంది" అని ఒక కాగితం రాయిస్తారు. ఆయన చదువూ అనుభవమూ వంతెనల మీద, భవనాల మీద. నిలబడినదాన్ని చూడడం వేరు, తిరిగేదాన్ని చూడడం వేరు. కట్టడంలో స్తంభం మీద బరువు ఏళ్ల తరబడి ఒకే తీరున పడుతుంది. జైంట్ వీల్‌లో ప్రతి కడ్డీకీ చుట్టుకోసారి లాగుడు, చుట్టుకోసారి నొక్కుడు. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి పుటుక్కున తెగుతుంది కదా, లక్షల చుట్లు తిరిగిన కడ్డీకి జరిగేది కూడా అదే. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపల వెంట్రుకంత బీట మొదలై ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే కన్ను చాలదు. అతిధ్వని తరంగాలతోనో, అయస్కాంత పొడితోనో, బీటలోకి ఇంకే రంగు ద్రవంతోనో పరీక్ష చేయాలి. రైలు పట్టాలకు ఇలాంటి పరీక్షలు ఎప్పటినుంచో చేస్తున్నారు.

పార్కులో స్థిరంగా ఉండే యంత్రానికీ, ఊరూరా తిరిగే యంత్రానికీ ఉన్న తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో కనిపించే జైంట్ వీల్, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్, డ్రాగన్ రైలు, పిల్లల రంగులరాట్నం అన్నీ సంచార జీవులు. ఒక ఊళ్లో నెలో నెలన్నరో ఉండి, విడిపోయి, లారీలెక్కి, ఇంకో ఊళ్లో మళ్లీ కూడుకుంటాయి. అంటే ఏడాదిలో ఏడెనిమిదిసార్లు ప్రతి బోల్టూ ఊడుతుంది, బిగుస్తుంది. మరలు అరుగుతాయి. పోయిన పిన్ను స్థానంలో ఎక్కడో దొరికిన మేకు దూరుతుంది. యంత్రం కింద పునాది ఉండదు. చెక్క దిమ్మెలు పేర్చి, వాటి మీద ఇనుప కాళ్లు నిలబెడతారు. ఆ దిమ్మెల కింద నేల ఊరికో తీరు. అనంతపురం ఎర్రమట్టిలో నిలిచిన చక్రం కర్నూలు నల్లరేగడిలో అలాగే నిలవదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. రాత్రి వాన కురిస్తే పొద్దున మట్టం మళ్లీ చూసుకోవాల్సిందే. చక్రం నింపడం కూడా ఒక పనితనం. ఎదురెదురు ట్రాలీల్లో బరువు సమానంగా చూసుకుంటూ ఎక్కించాలి. తెలిసిన ఆపరేటరు ఇవన్నీ చేస్తాడు. నెల కిందట చేరిన కుర్రాడికి ఎవరు చెబుతారు?

తిరిగే యంత్రానికి ఒక్కసారి ఇచ్చే సర్టిఫికెట్ సగం అబద్ధమని నేననేది అందుకే. నిన్న కర్నూలులో పాసయిన యంత్రం వేరు, ఇవాళ నంద్యాలలో బిగించిన యంత్రం వేరు. పేరొకటే.

పన్నుకు తెలిసిన రంగులరాట్నం

ఈ బాధ్యత రాజ్యాంగం ఎవరికిచ్చింది? ఇందులో మల్లగుల్లాలు పడాల్సింది లేదు. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 28వ అంశం సంతలు, తిరునాళ్లు. 33వ అంశం నాటకాలు, ఆటలు, వినోదాలు. రెండు వైపుల నుంచి చూసినా రాష్ట్ర ప్రభుత్వం గుమ్మం దగ్గరికే వస్తాం. పార్లమెంటు ఈ యంత్రాల కోసమని ప్రత్యేక చట్టమేదీ చేయలేదు. ఫ్యాక్టరీల చట్టం 1948 కార్మికుడిని కాపాడడానికి పుట్టింది, టికెట్టు కొనుక్కున్నవాణ్ని కాదు. కనుక ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఆగిపోతాడు.

భారత ప్రమాణాల సంస్థ 2004లో ఐఎస్ 15475 పేరుతో ఆట యంత్రాలకు ఒక ప్రమాణం తెచ్చింది. దాని శీర్షికలోనే ఉంది చిక్కంతా. అది "సిఫార్సు చేసిన" పద్ధతుల నియమావళి. పాటిస్తే మంచిది, పాటించకపోతే అడిగే నాథుడు లేడు. ఇదే సంస్థ ముద్ర 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు తప్పనిసరి అయింది. కీ ఇస్తే తిరిగే బొమ్మ రంగులరాట్నం అమ్మాలంటే ఐఎస్ఐ మార్కు కావాలి. పిల్లవాణ్ని ఎక్కించుకుని తిరిగే అసలు రంగులరాట్నానికి ఆ పట్టింపు లేదు.

పన్నుల శాఖకు మాత్రం రంగులరాట్నం పేరు పెట్టి తెలుసు. 2018 జనవరిలో థీమ్ పార్కులు, వాటర్ పార్కుల ప్రవేశ రుసుము మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి తగ్గించినప్పుడు ఆ వరుసలో రంగులరాట్నం కూడా ఉంది. వసూలుకు దొరికిన వస్తువు తనిఖీకి దొరకకపోవడం చిత్రమే.

మన వ్యవస్థకు ఇది చేతకాని పనేమీ కాదు. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి జనం చనిపోతే, మరుసటి ఏడాదే బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. 1923 బాయిలర్ల చట్టంతో దేశమంతటా ప్రతి బాయిలరుకూ ఒక నంబరు వచ్చింది. ఆ నంబరు దాని ఒంటి మీదే చెక్కి ఉంటుంది. ఎక్కడికెళ్లినా దాని వెంటే పోతుంది. గడువు తీరిన బాయిలరు నడపడం నేరం. బస్సుకైతే ఫిట్‌నెస్ ఉంది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే సినిమా ఉంది. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, 1970 నిబంధనల కింద ఊరూరా తిరిగే డేరా టాకీసుకు కూడా లైసెన్సు ఉండేది. ప్రొజెక్టరు గది ఎలా ఉండాలో, జనం బయటికి వచ్చే దారి ఎంత ఉండాలో రాసి ఉండేది. ప్రొజెక్టరు తిప్పే ఆపరేటరు చేతిలో కూడా ఒక లైసెన్సు ఉండాల్సిందే. రీలు తిప్పేవాడికి పరీక్ష పెట్టిన రాష్ట్రం మనిషిని తిప్పేవాడికి పెట్టలేకపోయింది.

గుజరాత్ నేర్చుకున్న తీరు

మన దేశంలో ఈ ప్రశ్నతో ఎక్కువగా తల బద్దలు కొట్టుకున్నది గుజరాత్. సుఖంగా కాదు. 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియా చెరువు ఒడ్డున లోలకంలా ఊగే ఒక రైడ్ గాల్లోనే విరిగిపోయింది. మనుషులు చనిపోయారు, పాతికమందికి పైగా గాయపడ్డారు. ఆ చెరువు ఒడ్డును నగరపాలక సంస్థే తీర్చిదిద్దింది. అంటే జాగా ఇచ్చిందీ, ఆదాయం చూసుకున్నదీ, నగరవాసులకు జవాబు చెప్పాల్సిందీ ఒకరే. ఐదేళ్ల తర్వాత, 2024 మే 25న రాజ్‌కోట్ టీఆర్‌పీ గేమ్ జోన్‌లో మంటలు లేచి 27 మంది కాలిపోయారు. దానికి అగ్నిమాపక నిరభ్యంతర పత్రమే లేదు. గుజరాత్ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, దీన్ని మనుషులు చేసిన విపత్తుగా చూసింది.

ఆ తర్వాతే ఆ రాష్ట్రం రైడ్లకు, గేమ్ జోన్లకు విడిగా భద్రతా నిబంధనలు తెచ్చింది. అవి వచ్చీ రాగానే సౌరాష్ట్రలో పెద్ద తగువు. జన్మాష్టమికి రాజ్‌కోట్‌లో జరిగే లోక్ మేళాకు వచ్చే రైడ్ల యజమానులు, ఐదు రోజుల జాతరకు మట్టి పరీక్షలు, కాంక్రీటు పునాదులు ఎక్కడ పెట్టగలమని అడిగారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. ఐదు రోజులకు కాంక్రీటు పోయడం, ఆపైన దాన్ని తవ్వి తీయడం చిన్న రైడ్ వాడికి తలకు మించిన ఖర్చు. అలాగని నేల గట్టిదనం చూడకుండా వదిలేయమనడం కుదరదు. స్థిరమైన పార్కుకు రాసిన నియమాన్ని తిరునాళ్లకు అతికిస్తే వచ్చే చిక్కు ఇది. కాంక్రీటు లేకుండా కూడా బరువును విశాలంగా పరిచే ఇనుప పలకలు, దిమ్మెల అమరిక, రోజూ మట్టం చూడడం లాంటి మార్గాలున్నాయి. ఏ నేలకు ఏది చాలుతుందో చెప్పగల మనిషి కావాలి. నియమం రాయడం తేలిక, ఆ మనిషిని జిల్లాకొకరిని తయారు చేయడం కష్టం. ప్రభుత్వాలు సాధారణంగా మొదటి పని చేసి ఊరుకుంటాయి.

మిగతా చోట్ల ఆ మొదటి పని కూడా పూర్తిగా కాలేదు. 2022 సెప్టెంబరు 4న మొహాలీ దసరా మైదానంలో పైకి లేచిన డ్రాప్ టవరు ఒక్కసారిగా నేలను గుద్దుకుంది. ఆ వీడియో దేశమంతా చూసింది. 2024 నవంబరులో తిరుపతి శిల్పారామంలో రైడ్ మీద నుంచి పడి ఒక మహిళ చనిపోయింది. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో మొరాయించి, ఎక్కినవాళ్లు తలకిందులుగా దాదాపు అరగంట వేలాడారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై ఇప్పటికీ సాధారణంగా ఏటా జనవరి మొదట్లో తలుపులు తెరిచే ప్రదర్శన అది. దానికున్న పరపతి, అనుభవం మారుమూల తిరునాళ్లకు ఉండవు. అక్కడే అలా జరిగితే మండల కేంద్రంలో బడి మైదానంలో వెలిసే రైడ్ల సంగతేమిటి?

జర్మనీ పుస్తకం, ఇంగ్లండు బాధ్యత, అమెరికా సందు

ఇతర దేశాలు ఈ ముడిని విప్పిన తీరులు ఒకదానికొకటి పోలవు.

నాకు బాగా నచ్చింది జర్మనీ పద్ధతి. అక్కడి భవన నిర్మాణ చట్టాలు జాతర యంత్రాలను, సర్కస్ డేరాలను కలిపి ఒక ముచ్చటైన పేరుతో పిలుస్తాయి. తెలుగులో చెప్పాలంటే "ఎగిరే కట్టడాలు". అంటే ఎక్కడా పాతుకోకుండా చోటు మారుతూ ఉండే కట్టడాలని. అలాంటి ప్రతి యంత్రానికీ ఒక తనిఖీ పుస్తకం ఉంటుంది. దాని డిజైను లెక్కలు, అనుమతి, గడువు, పాత లోపాలు అన్నీ అందులో. యంత్రం ఏ ఊరికి పోయినా పుస్తకం వెంట పోతుంది. కొత్త ఊళ్లో నిలబెట్టగానే స్థానిక భవన నిర్మాణ అధికారికి ముందు ఆ పుస్తకం చూపాలి. బిగింపు చూసి సరేననేదాకా జనాన్ని ఎక్కించొద్దని ఆయన పట్టుబట్టొచ్చు. మ్యూనిక్ అక్టోబరు ఉత్సవానికి ముందు సాంకేతిక తనిఖీ నిపుణులు ఒక్కో రైడ్‌నూ చూసుకుంటూ తిరగడం అక్కడ ఏటా జరిగే తతంగం. జర్మనీ కూడా మనలాగే సమాఖ్య, భవన చట్టాలు అక్కడ రాష్ట్రాలవే. అయినా ఒక రాష్ట్రం ఇచ్చిన పుస్తకాన్ని మిగతావి గౌరవిస్తాయి. ఆంధ్రలో నమోదైన చక్రం బళ్లారికో రాయచూరుకో వెళ్లినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు అక్కడ దశాబ్దాలుగా జవాబుంది.

ఇంగ్లండు కథ 1972 మే 30న మొదలవుతుంది. లండన్ బాటర్‌సీ పార్కులో రోలర్ కోస్టరు బండి ఎక్కుడు మీద పట్టు తప్పి వెనక్కి జారింది. ఐదుగురు పిల్లలు చనిపోయారు. రెండేళ్లకు వచ్చిన పని స్థలాల ఆరోగ్య భద్రతా చట్టం ఈ ఒక్క ప్రమాదం కోసం పుట్టింది కాదు. కానీ దానిలోని 3వ సెక్షన్ ఈ చర్చకు ప్రాణం. వ్యాపారం నడిపేవాడు తన ఉద్యోగులనే కాదు, ఆ వ్యాపారం వల్ల ముప్పు కలగగల ఎవరినైనా కాపాడాలి. మన ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఆగిపోయిన గేటును వాళ్లు అలా దాటారు. యంత్రాల తనిఖీ అక్కడ ప్రభుత్వం స్వయంగా చేయదు. పరిశ్రమే ఏర్పరచుకున్న ఒక పథకం కింద నమోదైన తనిఖీదారులు చేస్తారు. వాళ్లకు డబ్బిచ్చేది రైడ్ యజమానే కదా అన్న అనుమానం న్యాయమైనదే. దానికి విరుగుడు శిక్ష. 2015 జూన్ 2న ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ రైడ్ మీద, ముందు బండి ఆగి ఉండగానే వెనక బండి వెళ్లి గుద్దుకుంది. 16 మంది గాయపడ్డారు. ఇద్దరు యువతులకు కాలు తీసేయాల్సి వచ్చింది. కంప్యూటరు ప్రమాదాన్ని పసిగట్టి ఆపేసినా, సిబ్బంది అది యంత్రం పొరపాటనుకుని దాన్ని తప్పించి నడిపారు. ప్రభుత్వ సంస్థే కేసు నడిపింది. మరుసటి ఏడాది కోర్టు యాజమాన్యానికి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. దెబ్బ తగిలింది బటను నొక్కినవాడికి కాదు, అలా నొక్కే పరిస్థితి కల్పించిన సంస్థకు.

ఇక అమెరికా. వినియోగ వస్తువుల భద్రతకు అక్కడ 1972 నుంచి కేంద్ర కమిషన్ ఉంది. 1981లో కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, స్థిరమైన పార్కుల రైడ్లను దాని చేతి నుంచి తప్పించింది. ఊరూరా తిరిగే రైడ్లు మాత్రం కమిషన్ కిందే ఉండిపోయాయి. ఒకే యంత్రం లారీ మీదుంటే కేంద్రానిది, పార్కులో పాతితే రాష్ట్రానిది. ఈ సందు మూయాలని 1999లో మసాచుసెట్స్ ప్రతినిధి ఎడ్ మార్కీ బిల్లు పెట్టాడు. ఎన్నిసార్లు పెట్టినా నెగ్గలేదు. రాష్ట్రాల సంగతి తలా ఒక దారి. ఫ్లోరిడాలో వెయ్యిమందికి పైగా ఉద్యోగులున్న పార్కులకు రాష్ట్ర తనిఖీ నుంచి మినహాయింపు ఉంది. డిస్నీ లాంటి వాళ్లు తమ తనిఖీ తామే చేసుకుంటారు. వాళ్ల దగ్గర నిపుణులకు కొదవ లేదన్నది నిజమే. అయినా పెద్దవాడికి మినహాయింపు, చిన్నవాడికి తనిఖీ అన్న సూత్రం నాకు మింగుడుపడదు.

కాన్సస్‌లో స్థిరమైన పార్కులు తమను తామే తనిఖీ చేసుకునే వీలుండేది. అక్కడ 168 అడుగుల నీటి జారుడుబల్ల కట్టి, ప్రపంచంలో అంతెత్తైనది ఇదేనని చాటుకున్నారు. 2016 ఆగస్టు 7న దాని మీద చనిపోయిన పదేళ్ల బాలుడు ఆ రాష్ట్ర శాసనసభ్యుడి కొడుకు. మరుసటి ఏడాది కాన్సస్ చట్టాన్ని బిగించింది. ప్రమాదం సభ్యుడి ఇంటిదాకా వస్తే తప్ప సభ కదలదా అని అడగాలనిపిస్తుంది. అడిగితే బాధలో ఉన్నవాళ్ల మీద రాయి వేసినట్టవుతుంది.

ప్రభుత్వ తనిఖీ ఉంటే చాలనుకునేవాళ్లు ఒహాయో సంగతి చదవాలి. 2017 జులై 26న కొలంబస్ నగరంలో (మన రైడ్ పేరే ఆ ఊరి పేరు కావడం కాకతాళీయం) రాష్ట్ర జాతర మొదటి రోజునే ఫైర్ బాల్ అనే రైడ్ విరిగి 18 ఏళ్ల యువకుడు చనిపోయాడు. ఏడుగురు గాయపడ్డారు. ఆ యంత్రాన్ని ప్రభుత్వ తనిఖీదారులు చూసి పాస్ చేశారు. తర్వాత తయారీదారు తేల్చిందేమిటంటే, గొట్టపు దూలం లోపలి వైపు తుప్పు పట్టి ఏళ్ల తరబడి గోడ పలచబడుతూ వచ్చింది. బయట నుంచి చూసే కంటికి అది చిక్కదు. ఒహాయో ఆ తర్వాత చేసిన చట్టం తుప్పు, లోహం అలసట పరీక్షల మీద, యంత్రం పూర్వ చరిత్ర రికార్డుల మీద గట్టిగా పట్టుబట్టింది.

ఆస్ట్రేలియా ముక్క క్లుప్తంగా. 2016 అక్టోబరు 25న క్వీన్స్‌లాండ్ డ్రీమ్‌వరల్డ్‌లో నీటి తెప్పల రైడ్ మీద నలుగురు చనిపోయారు. పంపు ఆగి నీరు తగ్గింది, ఒక తెప్ప ఇరుక్కుంది, వెనక తెప్ప వచ్చి గుద్దింది. ముప్పయ్యేళ్లుగా నడిచిన ఆ రైడ్‌కు సరైన ఇంజినీరింగ్ ముప్పు అంచనా ఎన్నడూ జరగలేదని కరోనర్ విచారణలో బయటపడింది. యాజమాన్యానికి 36 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. ఆ రాష్ట్రం రైడ్ల నిబంధనలు తిరగరాసింది.

సంతకం పెట్టినవాడికి శిక్ష ఉందా?

తనిఖీ చేయాల్సిన అధికారి చేయకపోతే, చేసినట్టు రాసి చేయకపోతే, ప్రభుత్వం నష్టపరిహారం కట్టాలా? మన కోర్టుల నుంచి దీనికి రెండు రకాల జవాబులు వచ్చాయి.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. 2011లో సుప్రీంకోర్టు హాలు యజమానుల మీద 85 శాతం, విద్యుత్ బోర్డు మీద 15 శాతం భారం వేసింది. లైసెన్సు ఇచ్చిన పోలీసు అధికారులనూ, మున్సిపల్ కార్పొరేషన్‌నూ పరిహార బాధ్యత నుంచి తప్పించింది. దురుద్దేశం లేకుండా విధిలో విఫలమైనంత మాత్రాన లైసెన్సింగ్ అధికారి పరిహారం కట్టనక్కర్లేదన్నది దాని సారం. దీని వెనక భయం అర్థమవుతుంది. ప్రతి సంతకానికీ పరిహారం తగులుకుంటే ఏ అధికారీ సంతకం పెట్టడు. కానీ ఫలితం? లైసెన్సు రుసుము ప్రభుత్వానికి, ముప్పు టికెట్టు కొన్నవాడికి.

2006 ఏప్రిల్ 10న మీరట్ విక్టోరియా పార్కులో వినియోగ వస్తువుల ఎగ్జిబిషన్ డేరాలు తగలబడి 65 మంది చనిపోయారు. ఈ కేసులో 2022లో సుప్రీంకోర్టు బాధ్యతను నిర్వాహకులకు 60 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 40 శాతం చొప్పున పంచింది. తిరునాళ్లకు, ఎగ్జిబిషన్లకు దగ్గరి పోలిక సినిమా హాలు కాదు, మీరట్ డేరాయే. ఈ రెండో దారే బలపడాలని నా అభిప్రాయం. ఖజానా నుంచి డబ్బు పోతే తప్ప సచివాలయం ఫైలు కదలదు.

క్రిమినల్ వైపు చూస్తే 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యంతో చావుకు కారణమైతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. పాత చట్టంలో రెండేళ్లే. శిక్ష పెరిగింది సరే, బోను ఎక్కేదెవరు? పాట దక్కించుకున్న కాంట్రాక్టరు ఒకడు. అతని దగ్గర వాటాకు రైడ్ నిలిపిన యజమాని ఇంకొకడు. ఆ యజమాని దగ్గర కూలికి పనిచేసే ఆపరేటరు మూడోవాడు. ప్రమాదం జరిగిన చోట చేతికి దొరికేది ఆ మూడోవాడే. జనం చేతికైనా, పోలీసు చేతికైనా.

ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా చెప్పాలి. మైదానం పాట ఎంత పెరిగితే మున్సిపాలిటీకీ దేవస్థానానికీ అంత సంతోషం. పాట పెరిగిన కొద్దీ కాంట్రాక్టరు రైడ్ల దగ్గర ఎక్కువ పిండుకుంటాడు. రైడ్ యజమాని చుట్లు పెంచుతాడు, మనుషులను తగ్గిస్తాడు, వాన వెలిసీ వెలవగానే చక్రం తిప్పుతాడు. భద్రతను ముందుగా కోసేది ఆ పాటే. పాడించేది ప్రభుత్వం, తర్వాత తనిఖీ చేయాల్సిందీ ప్రభుత్వమే.

ఏం చేయొచ్చు

మనకు కొత్త శాఖ అక్కర్లేదు. రవాణా శాఖ బస్సుకు చేసేదే ఈ యంత్రాలకు కావాలి. ప్రతి రైడ్‌కూ దాని ఇనుము మీదే చెక్కిన నంబరు, ఆ నంబరుతో పుట్టుక నుంచి తిరిగిన ఊళ్లు, మార్చిన భాగాలు, జరిగిన ప్రమాదాలు రాసిన పుస్తకం ఉండాలి. ఏడాదికొకసారి లోహ పరీక్ష జరగాలి. ఊరు మారిన ప్రతిసారీ బిగింపు తనిఖీ జరగాలి. ఆపరేటరుకు చిన్న పరీక్ష, లైసెన్సు ఉండాలి. పొద్దున్నే ఖాళీగా తిప్పి చూసి సంతకం పెట్టాలి. తనిఖీకి మనుషులెక్కడన్నది నిజమైన ప్రశ్నే. బాయిలర్ల తనిఖీ వ్యవస్థ ఉంది, మెకానికల్ విభాగాలున్న ఇంజినీరింగు కాలేజీలు రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా జిల్లాకూ ఉన్నాయి. వాళ్లకు శిక్షణ ఇచ్చి అధికారం ఇవ్వొచ్చు. రుసుము మాత్రం యజమాని చేతి నుంచి తనిఖీదారు చేతికి నేరుగా పోకూడదు, ప్రభుత్వ ఖాతా గుండా పోవాలి.

రాష్ట్రాల హద్దు పెద్ద అడ్డంకి కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఒకరి పుస్తకాన్ని ఒకరు గుర్తిస్తామని నిబంధన పెట్టుకుంటే చాలు. అంతకు మించి కావాలంటే రాజ్యాంగం 252వ అధికరణ ఉంది. రెండు రాష్ట్రాల శాసనసభలు తీర్మానిస్తే రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా పార్లమెంటు వాటి కోసం చట్టం చేయొచ్చు.

రైడ్ల వాళ్లను దొంగల్లా చూసే చట్టం మాత్రం వద్దు. పిల్లలను వెంటేసుకుని ఊరూరా తిరుగుతూ ఆ చక్రం కిందే వండుకు తినే కుటుంబాలవి. చక్రం కూలితే ముందు దాని కింద ఉండేది వాళ్లే. పాత యంత్రం తీసేయడానికి అప్పు, పరీక్షకు తక్కువ రుసుము, బీమా ఇస్తే సగంమంది వాళ్లంతట వాళ్లే నమోదుకు వస్తారు. ఇవేవీ ఇవ్వకుండా కాంక్రీటు పోయమంటే యంత్రం పట్నం వదిలి, తనిఖీ చేరని పల్లె జాతరకు పోతుంది.

చట్టం వచ్చేదాకా కలెక్టర్లు చేయగల పని ఒకటుంది. మైదానం పాట షరతుల్లో ఒక్క పంక్తి కలపడం: లోహ పరీక్ష నివేదిక, దాని మీద ఇంజినీరు పేరు, తేదీ లేని ఏ రైడ్ మీదా టికెట్టు అమ్మకూడదు, ఆ నివేదికను టికెట్టు కౌంటరు దగ్గర అంటించాలి. దీనికి శాసనసభ కూర్చోనక్కర్లేదు. ఈ సంక్రాంతికి మీ ఊళ్లో ఎగ్జిబిషన్ పడితే కౌంటరు దగ్గర ఆ కాగితం అడగండి. లేదంటే ఆ కిటికీ ముందు నుంచి పక్కకు రండి.